వైట్‌హాల్ మహిళా స్మారకం: కొక్కేలకు వేలాడే 17 దుస్తుల వెనుక కథ ఏమిటి?

లండన్‌లో బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాలన్నీ బారులు తీరిన వీధి వైట్‌హాల్. ప్రధానమంత్రి నివాసముండే డౌనింగ్ స్ట్రీట్ ప్రవేశద్వారానికి చేరువలో, రోడ్డు మధ్యలో, నల్లని కంచు కట్టడం ఒకటి నిలబడి ఉంటుంది. దాని చుట్టూ కోట్లు, టోపీలు, పనిబట్టలు కొక్కేలకు తగిలించినట్లు కనిపిస్తాయి. వాటిని తొడుక్కున్న మనిషి మాత్రం ఒక్కరూ కనిపించరు. పై భాగాన పెద్ద అక్షరాలతో ‘రెండో ప్రపంచ యుద్ధ మహిళలు’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల పదాలు తప్ప ఏ ఒక్కరి పేరూ లేదు.

ఇది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలోనూ, కర్మాగారాల్లోనూ, పొలాల్లోనూ, ఆసుపత్రుల్లోనూ పనిచేసిన బ్రిటన్ మహిళల జాతీయ స్మారకం. యుద్ధం ముగిసిన 60 ఏళ్లకు, 2005 జులై 9న ఎలిజబెత్ రాణి దీనిని ఆవిష్కరించారు. మనుషులు లేకుండా దుస్తులను మాత్రమే చూపడం మహిళలకు గౌరవమా, లేక వారిని మరోసారి కనుమరుగు చేయడమా అన్న చర్చ ఈ స్మారకాన్ని వదలలేదు. ఆ చర్చను అర్థం చేసుకోవాలంటే, ఆ దుస్తులను ధరించినవారికి యుద్ధంలో ఏం జరిగిందో, యుద్ధం ముగిశాక ఏం జరిగిందో తెలియాలి.

స్మారకం ఎలా ఉంటుంది?

ఈ కట్టడం ఎత్తు 22 అడుగులు, పొడవు 16 అడుగులు, వెడల్పు 6 అడుగులు. దీని శిల్పి జాన్ మిల్స్. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథెడ్రల్ సమీపాన ఉన్న అగ్నిమాపక సిబ్బంది స్మారకం కూడా ఆయన చేతుల మీదుగా రూపుదిద్దుకున్నదే.

నాలుగు వైపులా కలిపి 17 జతల దుస్తులను ఉబ్బెత్తు శిల్పాలుగా మలిచారు. మహిళా నౌకాదళం యూనిఫాం, వ్యవసాయ పనులకు వెళ్లినవారి దుస్తులు, నర్సు భుజాలపై కప్పుకునే వస్త్రం, పోలీసు విధుల్లో తొడుక్కునేవి, వెల్డింగ్ పనిచేసేటప్పుడు ముఖానికి అడ్డుపెట్టుకునే కవచం వంటివి వీటిలో ఉన్నాయి. మహిళలు చేపట్టిన వందలాది రకాల పనులకు ఇవి ప్రతీకలు. యుద్ధం ముగిసి పురుషులు ఇళ్లకు తిరిగి వచ్చినప్పుడు మహిళలు ఆ ఉద్యోగాలను వారికి అప్పగించి, పనిబట్టలు విప్పి కొక్కేనికి తగిలించి వెళ్లిపోయారన్నది శిల్పి చెప్పదలచుకున్న భావం.

స్మారకంపై ఉన్న అక్షరాల వెనుకా ఒక ఆలోచన ఉంది. యుద్ధకాలంలో ప్రతి కుటుంబం దగ్గరా ఉన్న రేషన్ పుస్తకాలపై వాడిన అక్షరాల తీరునే ఇక్కడ అనుకరించారు. చక్కెర, వెన్న, మాంసం, బట్టలు అన్నీ కొలిచి ఇచ్చిన ఆ కాలంలో ఇంటిని నెట్టుకొచ్చిన గృహిణికి బాగా తెలిసిన అక్షరాలవి.

పక్కనే మరో ‘ఖాళీ’ స్మారకం

ఈ స్మారకాన్ని నిలబెట్టిన చోటుకు ప్రాధాన్యం ఉంది. దీనికి దక్షిణాన కొద్ది దూరంలోనే సెనోటాఫ్ ఉంది. గ్రీకు మూలాల నుంచి వచ్చిన ఈ మాటకు ‘ఖాళీ సమాధి’ అని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధంలో విదేశీ నేలలపై మరణించి, అక్కడే సమాధి అయినవారి జ్ఞాపకార్థం నిర్మించిన ఈ రాతి కట్టడాన్ని 1920 నవంబరు 11న ఆవిష్కరించారు. దీని రూపశిల్పి ఎడ్విన్ లుట్యెన్స్. న్యూఢిల్లీ నగర రూపకల్పనలో ప్రధాన పాత్ర పోషించిందీ, ఇండియా గేట్‌ను రూపొందించిందీ ఆయనే.

సెనోటాఫ్‌పై ఉన్న ఆంగ్ల పదాలకు ‘కీర్తిశేషులైన వీరులు’ అన్నది దగ్గరి అర్థం. ఏటా నవంబరు రెండో ఆదివారం రాజకుటుంబం, ప్రధాని, కామన్వెల్త్ దేశాల ప్రతినిధులు అక్కడ పుష్పాంజలి ఘటిస్తారు. అది మరణాన్ని స్మరించే చోటు. దాని పక్కనున్న మహిళా స్మారకం స్మరించేది ప్రధానంగా పనిని. ఒకటి ఖాళీ సమాధి, మరొకటి ఖాళీ దుస్తులు. రెండింటిలోనూ మానవ రూపం లేదు, వ్యక్తుల పేర్లు లేవు. అయితే, సెనోటాఫ్ స్మరించే సైనికుల పేర్లు వేరేచోట్ల సమాధులపైనా, ఊరూరా ఉన్న యుద్ధ స్మారకాలపైనా చెక్కి ఉన్నాయి. వెల్డింగ్ చేసిన, ట్రాక్టర్ నడిపిన మహిళల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు.

ఆ దుస్తులను ఎవరు ధరించారు?

1941 డిసెంబరులో బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టం ఆ దేశ చరిత్రలో తొలిసారిగా మహిళలకు నిర్బంధ జాతీయ సేవను వర్తింపజేసింది. తొలుత 20 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న అవివాహితలు, పిల్లలు లేని వితంతువులు దీని పరిధిలోకి వచ్చారు. సైనిక సహాయక దళాలు, పౌర రక్షణ, పరిశ్రమల వంటి వాటిలో ఒకదానిలో వారు పనిచేయాల్సి వచ్చింది. 1943 మధ్య నాటికి అవివాహితల్లో దాదాపు 90 శాతం, వివాహితల్లో 80 శాతం మంది యుద్ధానికి అవసరమైన ఏదో ఒక పనిలో ఉన్నారన్నది విస్తృతంగా ఉదహరించే అంచనా.

సైనిక సహాయక దళాల్లో పెద్దది ఆక్సిలరీ టెరిటోరియల్ సర్వీస్. 1938లో ఏర్పడిన ఈ దళంలో ఒక దశలో 2 లక్షలకు పైగా మహిళలు ఉన్నారు. వంటలు, గుమాస్తా పనులతో మొదలై డ్రైవర్లుగా, మెకానిక్‌లుగా, రాడార్ ఆపరేటర్లుగా ఎదిగారు. శత్రు విమానాలను కూల్చే ఫిరంగి దళాల్లో పురుషులతో కలిసి పనిచేశారు. విమానాన్ని గుర్తించడం, దూరాన్నీ ఎత్తునూ లెక్కకట్టడం, ఫిరంగిని ఎటు గురిపెట్టాలో చెప్పడం వరకు వారి పనే. ఫిరంగిని పేల్చే అధికారం మాత్రం నిబంధనల ప్రకారం వారికి లేదు. బాంబు పడితే మాత్రం ఇద్దరి మీదా ఒకేలా పడేది.

1945 ఫిబ్రవరిలో ఈ దళంలో చేరిన 18 ఏళ్ల యువతి ఒకరు వాహనాల మరమ్మతు, డ్రైవింగ్ నేర్చుకున్నారు. ఆమే అప్పటి యువరాణి ఎలిజబెత్. 60 ఏళ్ల తర్వాత స్మారకాన్ని ఆవిష్కరించిన రాణి స్వయంగా ఆ తరానికి చెందినవారే కావడం గమనార్హం.

వైమానిక దళ మహిళా విభాగంలో ఒక దశలో 1.8 లక్షల మంది, నౌకాదళ మహిళా విభాగంలో 70 వేలకు పైగా ఉన్నారు. పురుషులు సైన్యంలోకి వెళ్లడంతో ఖాళీ అయిన పొలాల్లో ‘ఉమెన్స్ ల్యాండ్ ఆర్మీ’ పేరిట పనిచేసినవారి సంఖ్య 1944 నాటికి 80 వేలు దాటింది. దిగుమతులను తెచ్చే ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచేస్తున్న కాలంలో దేశానికి తిండి పెట్టడంలో వారి పాత్ర పెద్దది. కర్మాగారాల నుంచి వైమానిక స్థావరాలకు యుద్ధ విమానాలను చేరవేసిన ‘ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీ’లో 168 మంది మహిళలు పనిచేశారు. ఒంటరిగా లండన్ నుంచి ఆస్ట్రేలియాకు విమానం నడిపి ప్రపంచ ఖ్యాతి పొందిన అమీ జాన్సన్ ఈ విధుల్లోనే 1941 జనవరిలో థేమ్స్ నది ముఖద్వారం వద్ద ప్రాణాలు కోల్పోయారు.

శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించిన బ్లెచ్లీ పార్క్ సిబ్బందిలోనూ నాలుగింట మూడు వంతుల మంది మహిళలే. అక్కడి పని గురించి బయటకు చెప్పకూడదన్న నిబంధన కారణంగా 1970ల వరకు వారిలో చాలామంది భర్తకు, పిల్లలకు కూడా తాము ఏం చేశారో చెప్పలేదు.

పని సమానం, జీతం అసమానం

పనిలో వచ్చిన మార్పు వేతనంలో రాలేదు. చాలా పరిశ్రమల్లో పురుషుడి స్థానంలో అదే యంత్రం వద్ద నిలబడిన మహిళకు తక్కువ కూలి ఇచ్చేవారు. 1943లో గ్లాస్గో సమీపంలోని హిల్లింగ్టన్‌లో విమాన ఇంజిన్ల కర్మాగారం కార్మికులు వేల సంఖ్యలో సమ్మెకు దిగింది ఈ సమస్యపైనే. విమానాలను చేరవేసే మహిళా పైలట్లకు అదే ఏడాది పురుషులతో సమానంగా జీతం దక్కింది. అప్పట్లో అది అరుదైన విషయం.

1944 మార్చిలో ఉపాధ్యాయులకు స్త్రీ, పురుష భేదం లేకుండా ఒకే వేతనం ఇవ్వాలన్న సవరణ కామన్స్ సభలో 117–116 ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ దీన్ని తన ప్రభుత్వంపై విశ్వాస పరీక్షగా మార్చి, వెంటనే మరోసారి ఓటింగ్ జరిపించి ఆ నిర్ణయాన్ని తిరగదోడారు. యుద్ధం మధ్యలో ప్రభుత్వాన్ని పడగొట్టేందుకు సభ్యులు సిద్ధపడలేదు. బ్రిటన్‌లో సమాన వేతన చట్టం రావడానికి 1970 వరకు ఆగాల్సి వచ్చింది.

వివాహం చేసుకున్న మహిళ ప్రభుత్వ ఉద్యోగం వదులుకోవాలన్న నిబంధనను దేశీయ సివిల్ సర్వీసులో 1946లో తొలగించారు. విదేశాంగ సర్వీసులో మాత్రం అది 1973 దాకా కొనసాగింది. ల్యాండ్ ఆర్మీని 1950లో రద్దు చేశారు. సైనిక దళాల మహిళలకు ఇచ్చిన యుద్ధానంతర ప్రయోజనాలు ల్యాండ్ ఆర్మీ సభ్యులకు అందలేదు. వారి సేవకు గుర్తుగా ప్రభుత్వం బ్యాడ్జీలు అందజేసింది 2008లో. అప్పటికి జీవించి ఉన్నవారిలో అత్యధికులు 80 ఏళ్లు దాటినవారే.

ముఖాలు ఎందుకు లేవు?

ఈ నేపథ్యంలో స్మారకంపై రెండు వాదనలు వినిపిస్తాయి.

మొదటిది సమర్థించే వాదన. నర్సు విగ్రహం పెడితే ఫ్యాక్టరీ కార్మికురాలు బయట ఉండిపోతుంది. సైనికాధికారిణి విగ్రహం పెడితే ట్రాక్టర్ నడిపిన అమ్మాయికి చోటుండదు. లక్షల మందికి ఒకే ముఖం ఇవ్వడం సాధ్యం కాదు కాబట్టి, చూసినవారు తమ తల్లినో అమ్మమ్మనో ఆ దుస్తుల్లో ఊహించుకునే వీలు కల్పించడమే సరైన పద్ధతి. పైగా, దుస్తులను తగిలించి వెళ్లిపోవడం ఒక చారిత్రక వాస్తవం. యుద్ధంలో పాల్గొన్న మహిళలు పొందిన దాన్నీ, కోల్పోయిన దాన్నీ ఆ ఒక్క దృశ్యం చెబుతుంది.

రెండోది విమర్శ. వైట్‌హాల్ వీధి పొడవునా సేనాధిపతులు ముఖాలతో, పేర్లతో, కొందరు గుర్రాలతో సహా నిలబడి ఉన్నారు. దగ్గరలోని పార్లమెంట్ స్క్వేర్‌లో తొలి మహిళా విగ్రహం, ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు మిలిసెంట్ ఫాసెట్‌ది, 2018లో గానీ రాలేదు. ఇలాంటి చోట మహిళలకు దక్కిన స్మారకంలోనూ మహిళ కనిపించకపోవడం సమంజసమేనా అన్నది ప్రశ్న. మరో అభ్యంతరం ఇంకా లోతైనది. పనిబట్టలను కొక్కేనికి తగిలించింది మహిళలు తమంత తామేనా? కొందరు ఇంటికి వెళ్లేందుకు నిజంగానే ఎదురుచూశారు. మరికొందరికి ఉద్యోగం కొనసాగించాలని ఉన్నా, పురుషులు తిరిగి రావడంతోనూ, యుద్ధకాలపు శిశు సంరక్షణ కేంద్రాలు మూతపడటంతోనూ దారులు మూసుకుపోయాయి. దుస్తులు వేలాడటం ఒక్కటే చూపిస్తే ‘స్వచ్ఛందంగా ఇచ్చేశారు’, ‘ఇవ్వాల్సి వచ్చింది’ అన్న రెండింటి మధ్య తేడా చెరిగిపోతుందన్నది ఈ వాదన సారాంశం.

ఇతర దేశాల శిల్పులు వేరే దారులు ఎంచుకున్నారు. 1993లో వాషింగ్టన్‌లో ఆవిష్కరించిన వియత్నాం యుద్ధ మహిళా స్మారకంలో గ్లెనా గుడ్ఏకర్ ముగ్గురు మహిళలను, వారిలో ఒకరి ఒడిలో గాయపడిన సైనికుడిని చూపారు. అక్కడ ముఖాలు ఉన్నాయి, పేర్లు లేవు. అదే ప్రాంగణంలోని వియత్నాం యుద్ధ స్మారక గోడపై 58 వేలకు పైగా పేర్లలో 8 మంది మహిళా నర్సుల పేర్లున్నాయి.

నిధులు ఎలా వచ్చాయి?

వైట్‌హాల్ స్మారకం నేరుగా ప్రభుత్వ నిర్ణయంతో మొదలైంది కాదు. ఇందుకోసమే ఏర్పాటైన ధార్మిక ట్రస్టు కొన్నేళ్లపాటు విరాళాలు సేకరించింది. జాతీయ వారసత్వ స్మారక నిధి పెద్ద మొత్తంలో తోడ్పడింది. కామన్స్ సభకు తొలి మహిళా స్పీకర్‌గా 1992 నుంచి 2000 వరకు పనిచేసిన బెటీ బూత్రాయిడ్ ఈ ప్రయత్నానికి పోషకురాలిగా ఉన్నారు. మన దేశంలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’గా వచ్చిన కార్యక్రమానికి మాతృక అయిన బ్రిటన్ టీవీ క్విజ్‌లో ఆమె పాల్గొని, గెలిచిన సొమ్మును స్మారక నిధికి ఇచ్చారు. యుద్ధకాలంలో సైనికుల అభిమాన గాయనిగా పేరొందిన వెరా లిన్ కూడా ఈ ప్రచారానికి మద్దతుగా నిలిచారు.

ఆవిష్కరణకు రెండు రోజుల ముందు, 2005 జులై 7న, లండన్ రవాణా వ్యవస్థపై బాంబు దాడులు జరిగి 52 మంది పౌరులు మరణించారు. అయినా కార్యక్రమాన్ని వాయిదా వేయలేదు. 2015 మేలో ఎన్నికల ఫలితాల తర్వాత జరిగిన ఒక నిరసనలో ఈ స్మారకంపై ఎర్ర రంగుతో నినాదాలు రాయడం తీవ్ర విమర్శలకు దారితీసింది.

భారతీయ మహిళలు ఎక్కడ?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా తరఫున 25 లక్షల మంది సైనికులు పాల్గొన్నారు. వారి వెనుక మహిళలూ ఉన్నారు. 1942లో ఏర్పడిన ‘ఉమెన్స్ ఆక్సిలరీ కోర్ – ఇండియా’లో సుమారు 11,500 మంది సేవలందించారు. వీరిలో భారతీయులతో పాటు ఆంగ్లో ఇండియన్, ఐరోపా మహిళలూ ఉన్నారు. సమాచార వ్యవస్థ, టైపింగ్, లెక్కలు, రవాణా వీరి ప్రధాన విధులు. నౌకాదళ విభాగానికి చెందిన అధికారిణి కల్యాణీ సేన్ 1945లో బ్రిటన్‌ను సందర్శించారు.

అదే యుద్ధంలో అవతలి వైపూ భారతీయ మహిళలు ఉన్నారు. 1943లో సింగపూర్‌లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలో ఏర్పడిన ఆజాద్ హింద్ ఫౌజ్ ఝాన్సీ రాణి దళానికి కెప్టెన్ లక్ష్మీ స్వామినాథన్ సారథ్యం వహించారు. మలయా తోటల్లో పనిచేసే కూలీ కుటుంబాల యువతులు ఈ దళంలో పెద్ద సంఖ్యలో చేరారు.

లండన్‌లో ముఖంతో, పేరుతో గుర్తింపు పొందిన భారతీయ మూలాల మహిళ నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన ఆమె 1914లో మాస్కోలో జన్మించారు. 1940లో వైమానిక దళ మహిళా విభాగంలో చేరి, 1943 జూన్‌లో రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా నాజీల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌కు వెళ్లారు. పట్టుబడి, 1944 సెప్టెంబరు 13న డాకౌ నిర్బంధ శిబిరంలో హత్యకు గురయ్యారు. 1949లో ఆమెకు మరణానంతరం జార్జ్ క్రాస్ ప్రకటించారు. ఆమె ప్రతిమను 2012 నవంబరు 8న లండన్ గోర్డాన్ స్క్వేర్‌లో యువరాణి ఆన్ ఆవిష్కరించారు.

మాధాపర్ నుంచి ఢాకా వరకు

ఉపఖండంలో ఇలాంటి స్మారకాలు తక్కువ. గుజరాత్‌లోని భుజ్ పక్కనే ఉన్న మాధాపర్ గ్రామంలోని ‘వీరాంగనా స్మారక్’ వాటిలో ప్రత్యేకమైనది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ విమానాల బాంబు దాడిలో భుజ్ వైమానిక స్థావరం రన్‌వే దెబ్బతింది. ఆ సమయంలో మాధాపర్‌కు చెందిన సుమారు 300 మంది మహిళలు 72 గంటల్లో దాన్ని తిరిగి వాడకంలోకి తెచ్చారు. సైరన్ మోగినప్పుడల్లా పొదల్లో దాక్కుంటూ, ఆగిన వెంటనే పనిలోకి దిగుతూ ఈ పని పూర్తిచేశారు. వీరి గౌరవార్థం గ్రామంలో స్మారకం వెలిసింది 2015లో, అంటే 44 ఏళ్ల తర్వాత.

అదే యుద్ధం అనంతరం బంగ్లాదేశ్‌లో ‘వీరాంగన’ అన్న అదే సంస్కృత పదం మరో అర్థంలో స్థిరపడింది. విమోచన యుద్ధంలో లైంగిక హింసకు గురైన మహిళలకు కొత్త ప్రభుత్వం ‘బీరాంగొనా’ అన్న బిరుదునిచ్చింది. గౌరవించాలన్న ఉద్దేశంతో ఇచ్చిన ఆ మాట కాలక్రమంలో చాలామందికి మచ్చగా మారింది. ఆ బిరుదు చెప్పుకోవడమంటే తమపై జరిగిన అత్యాచారాన్ని ఊరికి చెప్పుకోవడమే అయింది. 2015లో బంగ్లాదేశ్ వారిని స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించడం ప్రారంభించాకే భృతి, హోదా దక్కడం మొదలైంది. ఒకే మాట ఒకచోట రన్‌వే వేసిన కూలి చేతులకు కిరీటమైంది, మరోచోట నోరు మెదపలేని మౌనమైంది.

భారత సైన్యం వైద్యేతర విభాగాల్లో మహిళలను అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది. వారికి శాశ్వత కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2020 ఫిబ్రవరి 17న. ఈ తీర్పు తర్వాత సైన్యంలో మహిళలు దుస్తులు మార్చుకుని వెళ్లిపోవాల్సిన గడువు, కనీసం చట్టం దృష్టిలో, పురుషులకు ఉన్నదే అయింది.

వైట్‌హాల్ స్మారకం సందర్శనకు రుసుము లేదు, వేళలు లేవు. రోడ్డు మధ్యలో, ఇరువైపులా వాహనాలు సాగిపోతుండగా, 17 జతల దుస్తులు అలాగే వేలాడుతుంటాయి. వాటిని తొడుక్కున్న మహిళల్లో నేడు జీవించి ఉన్నవారు అతి కొద్దిమంది. ముఖాలు లేని ఆ శిల్పం ఎవరిదో చెప్పగలిగేవారు ఉన్నంతవరకే అది జ్ఞాపకం. ఆ తర్వాత ఆ పని ఇలాంటి కథనాలది, కుటుంబాల్లో దాచిన ఉత్తరాలది, ఫొటోలది.